కొట్టేసినా కనబడాలె

మా ఇంట్లో వైట్‌నర్‌కు చోటు లేదు. తొమ్మిదో తరగతిలో ఒకసారి స్నేహితురాలిని బతిమాలి తెచ్చుకున్న వైట్‌నర్ పెన్నును మా బాపు రెండు వేళ్లతో, చచ్చిన బొద్దింకను పట్టుకున్నట్టు పట్టుకుని గుమ్మం బయట పెట్టాడు. "రేపు ఇచ్చెయ్యి బిడ్డా. గిది మంచి అలవాటు కాదు" అన్నాడు. అప్పట్లో బాపు బీడీలు తాగేవాడు. వాటిని కూడా అంత చెడ్డ అలవాటుగా ఎప్పుడూ చూడలేదు.

బాపు పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో ఆపరేటర్. మందుల కంపెనీ అనగానే అందరూ గోళీలు అనుకుంటారు. అక్కడ తయారయ్యేది గోళీల్లోకి పోయే పొడి. పెద్ద పెద్ద రియాక్టర్లలో ఏది ఎప్పుడు పోశారు, ఎంతసేపు కలిపారు, వేడి ఎంత ఉంది అన్నది గంట గంటకూ ఇంగ్లీషులో రాయాలి. దాన్ని బ్యాచ్ రికార్డు అంటారు. బాపు కొండాపూర్ మండలంలోని మా ఊళ్లో తెలుగు మీడియంలో పది పాసయ్యాడు. ఇంగ్లీషు పేపరు చేతికిస్తే అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టేవాడు. బ్యాచ్ రికార్డు ఇంగ్లీషు మాత్రం మంచినీళ్లు తాగినట్టు చదివేవాడు.

ఆ రాతకు కట్టుబాట్లున్నాయి. నీలం పెన్నుతోనే రాయాలి. తప్పు పడితే దాని మీద ఒక్కటే గీత కొట్టాలి. కొట్టేసింది కూడా చదవడానికి రావాలి. పక్కన సరైనది రాసి, ఎందుకు కొట్టేశామో కారణం రాసి, సంతకం చేసి తేదీ వెయ్యాలి. పేజీలకు ముందే నంబర్లు ఉంటాయి కాబట్టి చింపడం కుదరదు. పని చేసినవాళ్లు ఒక సంతకం పెడితే, సరిచూసినవాళ్లు ఇంకొకటి పెట్టాలి.

ఈ కట్టుబాట్లు కంపెనీ గేటు దగ్గర ఆగి ఉంటే నాకు చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. బాపు వాటిని ఇంటికి మోసుకొచ్చాడు. ప్రతి జూన్‌లో నా నోటుపుస్తకాలన్నిటికీ కూర్చుని పేజీ నంబర్లు వేసేవాడు. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక వాటిని ముందేసుకుని, రాసింది అర్థమైనా కాకపోయినా ప్రతి పేజీ కింద సంతకం పెట్టేవాడు. గ్యాస్ సిలిండర్ మార్చిన తేదీని క్యాలెండర్‌లో తప్పు వేసినందుకు మా అమ్మ చేత కూడా గీత కొట్టించి సంతకం చేయించాడు. అమ్మ చేసింది. చేసి, "మీ కంపెనీల నాక్కూడ నౌకరి ఇప్పియ్యిండ్రి ఇగ" అన్నది.

కంపెనీ నుంచి ఇంటికి వచ్చేది ఇంకొకటి ఉండేది, వాసన. బాపు కంపెనీలోనే స్నానం చేసి బట్టలు మార్చుకునేవాడు. ఇంటికొచ్చి మళ్లీ సబ్బు పెట్టి రుద్దుకునేవాడు. అయినా పోయేది కాదు. మాగిపోయిన అరటిపండూ గోళ్లరంగూ కలిపితే వచ్చే వాసన అది. ఇంద్రేశంలో మేమున్న కిరాయి ఇంట్లో దండెం మీద తువ్వాలకీ, బాపు దిండుకీ అదే వాసన. చిన్నప్పుడు నాకు అది బాపు వాసన. ఆరో తరగతిలో పేరెంట్స్ మీటింగుకు బాపు వచ్చినరోజు నా వెనక బెంచీ పిల్ల చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆ రోజు నుంచి అది కంపెనీ వాసన అయిపోయింది.

ఆ సాయంత్రం "ఇగ మీటింగులకు అమ్మ వస్తే చాలు" అన్నాను. ఎందుకని బాపు అడగలేదు. నాకు ముక్కు మీదే కోపం, ఇప్పటికీ అంతే. అందుకే అడగడానికి జంకాడనుకున్నాను. ఆ తర్వాత మూడేళ్లు బాపు మా స్కూలు మెట్లెక్కలేదు.

తొమ్మిదిలో మాకు కొత్తగా ఒక ఇంగ్లీషు టీచరు వచ్చింది. సంగారెడ్డి నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఆదివారాలు వాళ్ల చర్చిలో పాటలు పాడుతుందని చెప్పేవారు, అది మాటలోనే తెలిసేది. వచ్చిన రెండో నెలలో, ఎవరికి వాళ్లు ఇంగ్లీషులో ఒక సొంత కథ రాసుకు రావాలన్నది. అంతకుముందు కథ రాయమంటే మేమంతా గైడు తెరిచేవాళ్లం. కాస్త ఉన్నవాళ్లు నెట్ సెంటర్‌కు పోయి ప్రింటు తెచ్చి దించేవాళ్లు. ఆ సంగతి టీచరుకు తెలుసు. "సింహం వద్దు, కుందేలు వద్దు. నెట్‌లో దించింది అస్సలు వద్దు. మీరు చూసింది, మీరు అనుకున్నది రాయండి. బాగున్న ఒక్క కథను శనివారం ప్రేయర్‌లో స్కూలంతటి ముందు రాసినవాళ్లే చదవాలె" అన్నది.

ప్రేయర్‌లోని ఆ మైకు నాకు కావాలి. దాని ముందు నిలబడి పాడినవాళ్లూ, ప్రసంగాలు చేసినవాళ్లూ ఎప్పుడూ ఆ నలుగురే. మా ఇంద్రేశం ఆటోలో వచ్చేవాళ్లలో ఒక్కరు కూడా అక్కడ నిలబడలేదు. అంత గట్టిగా నేను ఆ వయసులో ఇంకేదీ కోరుకోలేదు.

శుక్రవారం సాయంత్రం నోటుపుస్తకం తీసి రాయడం మొదలుపెట్టాను. స్కూలు వదిలే వేళకు వాన. షట్టరు కింద నిలబడిన ఒక అమ్మాయి. ఇంతవరకు చకచకా సాగింది. తర్వాత నేను అనుకోకుండానే చెయ్యి ఇలా రాసింది: 'వాళ్ల నాన్న గొడుగు పట్టుకుని వచ్చాడు. ఆయన ఒంటి మీద ఫ్యాక్టరీ వాసన ఉంది. ఆమె చూడనట్టు నటించి స్నేహితురాలి ఆటో ఎక్కి వెళ్లిపోయింది.'

రాసి, మళ్లీ చదువుకున్నాను. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు. ఆ మాట అన్నది నా పెన్నే కాబట్టి ఉలికిపడ్డది కూడా నేనే.

అది కథ కాదు. రెండు వారాల ముందు జరిగింది. ఆ రోజు బాపు తర్వాతి షిఫ్టు మనిషి ఆలస్యంగా రావడంతో రెండు గంటలు ఎక్కువ పనిచేసి, స్నానం కూడా చేయకుండా, వాన పడుతోందని నేరుగా స్కూలు దగ్గరికి వచ్చాడు. కంపెనీ డ్రెస్సులోనే ఉన్నాడు. రోడ్డుకు అవతల పాన్‌డబ్బా రేకు కింద నిలబడి పిల్లల గుంపులో నన్ను వెతుకుతున్నాడు. నా పక్కన ఆ చేతిరుమాలు పిల్లే ఉంది. వాళ్ల ఆటో వచ్చింది, నన్నూ ఎక్కమంది. తల దించుకుని ఎక్కేశాను. అరగంట తర్వాత బాపు ఇంటికొచ్చి, "తడిసినవా బిడ్డా?" అని అడిగాడు. "లేదు బాపు, దోస్తు ఆటోల వచ్చిన" అన్నాను. "మంచి పని చేసినవ్" అని తువ్వాల తీసుకుని బాత్రూంలోకి పోయాడు. నన్ను చూడలేదనే నమ్మాను. చూసి ఉంటే అంత మామూలుగా ఎలా మాట్లాడతాడు?

ఆ మూడు వాక్యాలనూ కొట్టేశాను. పేజీ చింపుదామంటే నంబరుంది. గజిబిజిగా గీకి పారేద్దామంటే అలవాటు పడ్డ చెయ్యి ఒక్క సన్నటి గీతే గీసింది. పక్కన సంతకం చేసి తేదీ వేశాను. కారణం దగ్గర పెన్ను ఆగిపోయింది. 'స్పెల్లింగ్ తప్పు' అని రాయలేను. ఖాళీగా వదిలేశాను. కింద కొత్తగా రాసుకున్నాను: ఆ అమ్మాయి నాన్న తెల్లాపూర్‌లో పెద్ద భవనంలో ఆఫీసరు. కారులో వచ్చాడు. ఆయన దగ్గర అత్తరు వాసన. అమ్మాయి పరుగెత్తుకుంటూ వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది. రాస్తున్నంతసేపూ హాయిగానే ఉంది.

ఆదివారం బాపు నోటుపుస్తకాలు అడిగాడు. ఇంగ్లీషుది ఇవ్వకపోతే అనుమానం వస్తుందని ఇచ్చాను. కథల ఇంగ్లీషు బాపుకు రాదులే అని నాకు నేను సర్దిచెప్పుకుని తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. బాపు ఒక్కో మాట కింద వేలు పెట్టుకుంటూ చదివాడు.

"ఎవరు బిడ్డా ఈ ఆఫీసరు?"

"ఎవరు లేరు బాపు. కథ."

"లేనోన్ని ఉన్నట్టు రాసినవా?"

"కథంటే గట్లనే ఉంటది. మేడమే రాయుమన్నది."

బాపు ముఖంలో నిజంగానే దిగులు కనిపించింది. వాళ్ల కంపెనీలో ఒకాయన మీటరు చూడకుండానే అంకెలు రాశాడని నౌకరిలోంచి తీసేశారు. "రాయంది జరగనట్టే, బిడ్డా. గని జరగంది రాసుడు ఉన్నదే, గది ఇంకా పెద్ద తప్పు" అన్నాడు. తర్వాత తనే దారి చూపించాడు. "మరి పైన లేబులన్న పెట్టు. డ్రమ్ముకు లేబుల్ లేకపోతే లోపలేమున్నదో ఎవరికెరుక?"

నాకు విసుగొచ్చింది. అయినా పేజీ నెత్తిన 'ఇది కథ. ఇందులో జరగనివి ఉన్నాయి' అని ఇంగ్లీషులో రాశాను. బాపు తృప్తి పడ్డాడు. కానీ అక్కడితో వదల్లేదు.

"వాన పడ్డది అన్నవ్. ఎన్ని గంటలకు?"

"ఏమో. టైం ఎందుకు బాపు?"

"టైం లేకపోతే ఎవడు నమ్ముతడు? నాలుగుంబావు అని రాయి. గేటు నాలుగిరవైకి తీసిండ్రు అని రాయి."

నోటికొచ్చిన అంకెలు చెబుతున్నాడనుకుని, తొందరగా వదిలితే చాలని అలాగే రాశాను. రాస్తుంటే నాకూ సరదా పుట్టి, కారు ఆగిన వేళ, తలుపు తెరుచుకున్న వేళ కూడా కలిపాను. ఈలోగా అమ్మ పిలిస్తే బట్టలు తీయడానికి బయటికి పోయాను. తిరిగి వచ్చేసరికి నోటుపుస్తకం మూసి ఉంది. బాపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను దాన్ని తెరిచి చూడలేదు. చూసే ధైర్యం లేదు. కథ వేరే కాగితం మీద ముందురోజే సగం ఎక్కించాను, ఆ రాత్రి అందులో వేళలు చేర్చి, మిగతా సగం గుర్తున్నంతలో పూర్తి చేశాను.

బుధవారం టీచరు నన్ను స్టాఫ్‌రూమ్‌కు పిలిచింది. నా కథ ఆమె చేతిలో ఉంది.

"ఎక్కడ దించినవు?"

"దించలే మేడం. నేనే రాసిన."

"నాలుగుంబావుకు వాన మొదలైంది, నాలుగిరవైకి గేటు తెరిచారు, నాలుగు ఇరవై నాలుగుకు కారు ఆగింది. మీ క్లాసులో ఎవరూ గిట్ల రాయరు. నేను కూడా రాయను" అన్నది. కోపంగా అనలేదు, బాధగా అన్నది. అప్పటికే ఆమెకు పదిహేను సింహాలూ ఒక పదకొండు తాబేళ్లూ వచ్చి ఉన్నాయి. "నీదే అయితే శనివారం చదివేది నువ్వే. రఫ్ కాపీ పట్టుకొని రా. ఇంట్ల రాస్తుంటే చూసినవాళ్లను కూడా తీసుకొని రా."

ఇంటికి పోయే ఆటోలో దారంతా లెక్కలు వేసుకున్నాను. మైకు దక్కాలంటే నోటుపుస్తకం చూపించాలి. చూపిస్తే ఆ కొట్టేసిన మూడు వాక్యాలు టీచరు చదువుతుంది. ఆదివారం బాపు వాటి గురించి ఏమీ అడగలేదు కాబట్టి అర్థం కాలేదనే నమ్మాను, ఇప్పుడు టీచరు బయటికి చదివి అడిగిందంటే పక్కనే ఉన్న బాపు వింటాడు. అమ్మను తీసుకుపోదామంటే ఆమె చదువుకోలేదు, పుస్తకం మీద ఉన్న సంతకం బాపుది. ముందు నుయ్యి వెనక గొయ్యి. దించానని ఒప్పేసుకుందామా అని కూడా అనుకున్నాను. దొంగతనం చేశానన్న పేరు ఇంతకంటే తేలిక అనిపించింది.

చివరికి బాపుకు సంగతి చెప్పాను. నేను దించానని మేడం అన్నదనగానే బాపు లేచి నిలబడ్డాడు. "రికార్డున్నది గద. ఎందుకు పరేషాన్?" అన్నాడు. మర్నాడు ఫస్ట్ షిఫ్టు నుంచి వచ్చి రెండుసార్లు స్నానం చేశాడు. అమ్మ పౌడరు తీసి మెడకు రాసుకున్నాడు. నేను చూడనట్టు నటించాను. ఆ విద్య నాకు బాగా వచ్చు.

స్టాఫ్‌రూమ్‌లో టీచరు కుర్చీ చూపించింది. బాపు కూర్చోలేదు. పోయి కిటికీ దగ్గర నిలబడ్డాడు, గాలి లోపలి నుంచి బయటికి పోయే వైపు. టీచరు ఒక్కో పేజీ తిప్పింది. ప్రతి కొట్టివేత పక్కనా నా సంతకం, తేదీ, కారణం. ప్రతి పేజీ కిందా బాపు సంతకం. మొదట ఆమె కనుబొమలు లేచాయి, తర్వాత పెదవుల మీదికి నవ్వొచ్చింది. "ఇంత రఫ్ కాపీ నేనెన్నడు చూడలే" అన్నది. ఇక ఆ పేజీ వచ్చింది. నవ్వు ఆగిపోయింది. ఆమె ఆ మూడు వాక్యాలు చదివింది, తల ఎత్తి బాపును చూసింది, మళ్లీ చదివింది.

"ఇది ఎందుకు కొట్టేసినవు?" అని నన్ను అడిగింది.

"ఇక్కడ ఇంకో చేతిరాత ఉన్నది. ఇది మీదేనా సార్?" అని పుస్తకం మా వైపు తిప్పింది.

నేను కారణం రాయకుండా వదిలేసిన ఖాళీలో, బ్యాచ్ రికార్డుల్లో రాసే పెద్దక్షరాల్లో, నీలం సిరాతో బాపు రాశాడు. ఆ ఇంగ్లీషు మాటల అర్థం ఇది: 'రాసింది సరైనదే. పొరపాటున కొట్టివేశారు. సాయంత్రం 4:26.' కింద సంతకం, ఆదివారం తేదీ.

నాలుగు ఇరవై ఆరు. నేను ఆటో ఎక్కిన వేళ.

అప్పుడు అర్థమైంది. వాన నాలుగుంబావుకు మొదలైందని నోటికొచ్చినట్టు చెప్పలేదు. కంపెనీ లోపలికి చేతిగడియారం తీసుకుపోనివ్వరు. బయటికి రాగానే బాపు చేసే మొదటి పని వాచీ పెట్టుకుని ప్లాంటు గడియారంతో కలుపుకోవడం. ఆ వాచీ చూసుకుంటూ రేకు కింద నిలబడ్డాడు. నేను తల దించుకోవడం చూశాడు. ఆటో ఎక్కడం చూశాడు. ఇంటికొచ్చి తడిసినవా బిడ్డా అని అడిగాడు.

"పిల్ల జరిగిందే రాసింది మేడం" అన్నాడు బాపు కిటికీ దగ్గర నుంచే. "తర్వాత భయపడి కొట్టేసినట్టున్నది. కొట్టేసినా కనబడాలె, గది మా కంపెనీ రూలు. కారణం రాయలేదు, ఖాళీ ఉంచొద్దని నేను రాసిన. పిల్ల మీద కోపం లేదు నాకు. ఆ వాసన నాక్కూడ నచ్చదు."

నేను ఏడ్చాను. అందరి ముందు ఏడవడం నాకు అసహ్యం, అయినా ఆగలేదు. బాపు రెండడుగులు ముందుకేసి ఆగిపోయాడు. దగ్గరికి రావచ్చా వద్దా అని ఆలోచిస్తున్నాడు. ఆ ఆగడం మాత్రం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. మూడేళ్లు నేను నేర్పిన పాఠం అది.

టీచరు పుస్తకం మూసి నాకిచ్చింది. "నువ్వే రాసినవు. అనుమానపడ్డందుకు సారీ" అన్నది. "శనివారం ఏది చదువుతవో నీ ఇష్టం. కారుదా, కొట్టేసిందా."

బండి దాకా ఇద్దరం నడిచాం. బాపు కిక్కు కొట్టబోతుంటే, "శనివారం ఏ షిఫ్టు బాపు?" అని అడిగాను.

"సెకండ్. ఎందుకు?"

"పొద్దుగాల స్కూల్‌కు రా మరి."

బాపు నా ముఖం చూడలేదు. అద్దం సరిచేసుకుంటూ, "వస్త తియ్యి" అన్నాడు.

ఆ రెండు రోజులూ కథ మళ్లీ రాశాను. కారు తీసేశాను, ఆఫీసరును తీసేశాను. ఆటో నాలుగు ఇరవై ఆరుకు కదిలింది. రేకు కింద ఆ నాన్న గొడుగు తెరవకుండానే నిలబడ్డాడు. చివర ఒక వాక్యంలో వేళ ఖాళీగా పెట్టుకున్నాను. జరగకముందే రాసిపెట్టడం కంపెనీలో నేరం, అది నాకూ తెలుసు.

శనివారం ప్రేయర్‌లో మైకు నా ఎత్తుకు దించారు. చదవడం మొదలుపెట్టాను. వాసన గురించిన వాక్యం దగ్గర చేతిరుమాలు పిల్ల తల దించుకుంది. బాపు వెనక గేటు పక్కన, ఎవరికీ తగలనంత దూరంగా, ఇస్త్రీ చొక్కాలో నిలబడి ఉన్నాడు. చివరి వాక్యానికి వచ్చాను. "ఈ రోజు వాళ్ల నాన్న స్కూలుకు వచ్చాడు. ఆమె ఆయన్ని చూసింది" అని ఇంగ్లీషులో చదివి, వరండా గోడ మీది గడియారం చూసి, "సమయం తొమ్మిది పది" అన్నాను.

వెనక బాపు చెయ్యెత్తి తన వాచీ చూసుకున్నాడు.

చప్పట్లు అయ్యాక వరుసలు విడిపోయాయి. పిల్లలు దారిచ్చేదాకా ఆగి, నేను ఎదురు వెళితే ఒక అడుగు వెనక్కి వేసి, బాపు మెల్లగా చెప్పాడు. "తొమ్మిది పన్నెండు, బిడ్డా. మీ గడియారం రెండు నిమిషాలు ఎనుక ఉన్నది."

నోటుపుస్తకం తెరిచి, చదివినట్టే ముందు 'తొమ్మిది పది' అని రాశాను. దాని మీద ఒక్క గీత కొట్టి, తొమ్మిది పన్నెండు వేసి, కారణం దగ్గర 'గడియారం తప్పు' అని రాసి సంతకం చేశాను. పుస్తకాన్ని బాపు వైపు చాచాను. అందుకోవాలంటే దగ్గరికి రావాలి. వచ్చాడు. జేబులోంచి నీలం పెన్ను తీసి, నా భుజం పక్కనే వంగి, మొదటి నుంచీ మళ్లీ ఒకసారి వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. చుట్టూ క్లాసు పిల్లలంతా ఉన్నారు. పౌడరు కింద నుంచి వాసన వస్తూనే ఉంది. బాపు సంతకం పెట్టేదాకా నేను అక్కడే నిలబడ్డాను.